ఖాకీ చొక్కా మీద జాజు చుక్క

ఆ రోజుల్లో మనిషి తప్పిపోవాలంటే పెద్ద అడవే ఉండాలని లేదు, కాస్త చదువుంటే సరిపోయేది. చదువు లేనివాళ్లు తోవ తెలియకపోతే ఎదురొచ్చినవాణ్ని "అన్నా, గీ తొవ్వ యాడికి పోతది?" అని అడిగి, ఇంత తంబాకు పంచుకొని, పొద్దుగూకకముందే ఇల్లు చేరేవాళ్లు. అడగడం నామోషీ అనుకునే మాలాంటి డిగ్రీవాళ్లమే ఎటూ కాకుండా పోయేవాళ్లం. నేను కూడా ఒకసారి అలా పోయాను. అదీ ఏ నల్లమలలోనో కాదు, సిద్దిపేటకు రెండు కోసుల దూరంలో, మా తాత కట్టెలు కొట్టుకొచ్చిన గుట్టల్లో. ఈ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ పూర్తిగా తెలియదు. మీకు కాబట్టి చెబుతున్నాను.

నాకప్పుడు ఇరవైమూడేళ్లు. గుట్టల అవతల ఉన్న ఒక ఊరి హైస్కూల్లో కొత్తగా సారునయ్యాను. పెళ్లాం పిల్లలు లేనివాణ్ని, ఎక్కడికి పంపినా పోతాడని, చేరిన మూడో నెలలోనే నన్ను పది రోజుల స్కౌటు మాస్టరు ట్రైనింగుకు పంపారు. అక్కడ మాకు నేర్పినాయన్ని మేం పులిసారు అనేవాళ్లం. "అడవిలో మనిషిని చంపేది పులి కాదు, గాబరా" అని ఆయన రోజుకు పదిసార్లు చెప్పేవాడు. (ఆయన పులిని జూలో తప్ప చూడలేదని చివరి రోజు ఒప్పుకున్నాడు.) తాడుకు ముడులు వేయడం, దిక్సూచి చూడడం, ఆకుల్లోంచి నీళ్లు తీయడం, ఆపదలో ఉంటే మూడుసార్లు ఈల ఊది, ఆగి, మళ్లీ మూడుసార్లు ఊదడం, ఇవన్నీ నేర్చుకున్నాను. ఖాకీ చొక్కా, ఖాకీ నిక్కరు, టోపీ, ఈల, దిక్సూచి, నలభై పేజీల సైక్లోస్టైల్ నోట్సు పట్టుకొని ఊరికి తిరిగొచ్చాను. ఇక ఆ రోజు నుంచీ నాకు అన్నీ ఆపదలుగానే కనిపించాయి. బడి గంట తాడు పాతదయిందని దానికి కొత్త రకం ముడి వేస్తే, మరునాడు అది విప్పలేక మా అటెండరు అన్నం తినే పళ్లెం కొట్టి బడి వదిలాడు. సాయంత్రం బడి కాగానే ఖాకీ తొడుక్కొని గుట్ట కిందికి పోయి, మూడు మూడు చొప్పున ఈల సాధన చేసేవాణ్ని. పిల్లలు నాకు ఈలసారు అని పేరు పెట్టారు. నేనది పొగడ్త అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే పదో తరగతి పరీక్ష ఫారాలు పంపే రోజులొచ్చాయి. మా బడిలో పదో తరగతి పిల్లలు ముప్పైఒక్క మంది. ముప్పై ఫారాలు సిద్ధంగా ఉన్నాయి. మిగిలిన ఒక్కదాని మీద తండ్రి వేలిముద్ర లేదు. అది ఒక గొర్లకాపరి కూతురిది. మాటకు మాట చెప్పే పిల్ల కాదు, లెక్కల్లో మాత్రం నాకే తప్పులు చూపించేది. "బాపు మంద తోలుకోని గుట్ట మీదికి పోయిండు సారు, దిగుతలేడు. రెండు సార్లు బడి ఇడిశినంక పోయి పిలిసి వచ్చిన, పలుకలే" అంది. తల్లి వేలిముద్ర పెట్టిద్దామా అని మా పెద్దసారును అడిగితే, "తండ్రి బతికుండంగ తల్లిది ఎట్ల చెల్లుతదయ్యా" అన్నాడు. ఆ ఫారం పోకపోతే ఆ పిల్లకు ఏడాది పోతుంది. మా ఊళ్లో ఆడపిల్లకు ఒక ఏడాది పోయిందంటే మళ్లీ బడి మొహం చూడదు, ఇది అందరికీ తెలిసిందే. ఆ కోపమంతా నేను ఆ పిల్ల మీదే చూపించాను. "మీ బాపుకు గొర్ల మీద ఉన్న ఫికరు నీ మీద లేదా?" అని నిండు తరగతిలో అడిగాను. ఆ పిల్ల తల వంచుకొని పుస్తకం అట్ట గీరుతూ నిలబడింది.

ఆ ఒక్క వేలిముద్ర కోసం ఆగీ ఆగీ, చివరికి గడువు రోజు వచ్చింది. సాయంత్రం అయిదులోపు ఫారాలు సిద్దిపేటలో మా పై ఆఫీసులో ఇవ్వాలి. తీసుకుపోవాల్సింది మా బడి క్లర్కు చాచా. అరవైకి దగ్గరపడిన మనిషి, మోకాళ్ల నొప్పులు, నోట్లో పాను. ఆఫీసులో వాళ్లందరికీ ఆయనే తెలుసు. ఆయన ముప్పై ఫారాలనూ వరుసగా పేర్చి, వేలిముద్ర లేని ముప్పైఒకటోదాన్ని కూడా అడుగున పెట్టి, రేకు పెట్టెలో సర్దాడు. "అడుగున ఎందుకు చాచా?" అంటే, "ఏమో బేటా, తియ్యబుద్ధి అయితలేదు" అన్నాడు. తీరా చూస్తే ఆ రోజు పొద్దున బస్సు రాలేదు. బస్సు రోడ్డు గుట్టల చుట్టూ తిరిగి ఇరవై కిలోమీటర్లు. గుట్టలకు అడ్డంపడి పోతే ఎనిమిదే. నా గుండె సంతోషంతో కొట్టుకుంది. (నిజం చెబుతున్నాను, సంతోషంతోనే.) ఇంటికి ఉరికి ఖాకీ బట్టలు తొడుక్కొని, టోపీ పెట్టుకొని, మెడలో ఈల వేసుకొని వచ్చాను. చాచా నన్ను కిందికీ పైకీ చూశాడు.

"సడక్ మీద నిలవడుదాం సారు. చెరుకు ట్రాక్టరో ఇటుకల లారో ఏదో ఒకటి వస్తది. గీ ఏషం ఏసుకోని గుట్టల్లకు ఎవరన్న పోతరా?"

"మీరేం ఫికర్ చెయ్యకున్రి చాచా. దిక్సూచి ఉన్నది. రెండున్నర గంటల్ల సిద్దిపేటల చాయ తాగుదాం."

"నా దగ్గర గూడ ఉన్నది దిక్సూచి" అని చాచా తన నోరు చూపించాడు. "అడిగితే చెప్తరు." నేను నవ్వి ఊరుకున్నాను. కుర్రతనంలో పెద్దల మాట విని నవ్వి ఊరుకోవడమే మర్యాద అనుకునేవాణ్ని.

తొమ్మిదింటికి బయలుదేరాం. ప్రతి రెండు ఫర్లాంగులకూ ఆగి, చాచా చేతిలోని రేకు పెట్టెను బల్లలా పట్టుకొమ్మని, దాని మీద దిక్సూచి పెట్టి దిక్కు చూసుకున్నాను. ఇనప రేకు పెట్టె మీద దిక్సూచి పెట్టకూడదని నోట్సు పన్నెండో పేజీలో ఉంది. నేను పదకొండో పేజీ దాకా బట్టీ పట్టాను. పదకొండింటికల్లా మేం మోదుగు పొదల మధ్య, ఏ తోవా లేని చోట నిలబడి ఉన్నాం. ఎదురుగా గుట్ట, వెనక గుట్ట, రెండూ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి. పొద్దున చూసిన చీలిన బండ మళ్లీ ఎదురైంది. "గీ బండను ఇందాకనే సూసినం గద సారు" అన్నాడు చాచా. "అసుంటిదే ఇంకోటి" అన్నాను. మూడోసారి ఎదురైనప్పుడు చాచా దాని మీద పాను ఉమ్మాడు. నాలుగోసారి వచ్చేసరికి ఆ ఎర్రటి మరక మా కోసం ఎదురుచూస్తోంది. ఇక బుకాయించడానికి లేకపోయింది.

అయినా గాబరాపడలేదు. (పడ్డాను, కానీ నోట్సులో పడొద్దని ఉంది.) ముందు నీళ్లు సంపాదించాలి. ప్లాస్టిక్ కవరులో పచ్చి కొమ్మను దూర్చి, మూతి కట్టి, ఎండలో ఉంచితే ఆకుల్లోంచి నీళ్లు దిగుతాయని పులిసారు చెప్పాడు. ఫారాల మీద చుట్టిన కవరు తీసి అలాగే కట్టి, అరగంట కూర్చున్నాం. చెంచాడు నీళ్లు దిగాయి, అందులో ఒక చీమ. చాచా దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "నమాజు ముందటి వజూకు గూడ సాలవు బేటా" అని నాకే ఇచ్చాడు. అక్కడి నుంచి లేస్తుంటే ఆయన చెప్పుకు వేలు దూర్చే ఉంగటం తెగింది. దానికి నేను ట్రైనింగులో నేర్చిన ముడి వేశాను. ఆ ఒక్కటి మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది. ఎంత బాగా అంటే, తరువాత చెప్పులు కుట్టే మోచీ దాన్ని విప్పలేక కత్తితో కోశాడు.

అప్పుడు వినిపించాయి గొర్రెల మెడ గంటలు. అవతలి గుట్ట వాలులో అరవై డెబ్భై జీవాలు, వాటి వెనక గొంగడి కప్పుకున్న మనిషి. "పశువు ఉన్నచోట మనిషి, మనిషి ఉన్నచోట తోవ" అని నోట్సులో ఉన్న వాక్యం గుర్తొచ్చి ఒళ్లు పులకరించింది. ఈల తీసి మూడుసార్లు ఊది, ఆగి, మళ్లీ మూడుసార్లు ఊదాను. ఆ మనిషి వెనక్కి తిరిగి, చెయ్యి కళ్లకు అడ్డంపెట్టి నన్ను చూశాడు. చూసి, కర్ర ఎత్తి, మందను అదిలించి, గుట్ట దిగి లోయలోకి ఉరికాడు.

"సూసిన్రా చాచా! సిగ్నల్ సమజైంది. మనకు తొవ్వ సూపెడుతుండు, పాండ్రి!"

"తొవ్వ సూపెట్టేటోడు గట్ల ఉరుకుతడా?" అన్నాడు చాచా. కానీ నేను అప్పటికే పరుగు అందుకున్నాను. గుట్ట దిగాం, వాగు దాటాం, ఇంకో గుట్ట ఎక్కాం. పరికి ముళ్లు పిక్కలను గీరేశాయి. (నిక్కరు ఎందుకు వేసుకోకూడదో ఆ రోజే తెలిసింది.) ఆయన కనబడకుండా పోయినప్పుడల్లా ఈల ఊదాను. ఊదినప్పుడల్లా ఆయన మంద ఇంకాస్త జోరందుకుంది. పల్లెవాళ్ల చురుకుదనం పట్నం వాళ్లకు ఎక్కడిదని మనసులోనే మెచ్చుకున్నాను. చాచా మాత్రం పెట్టె నెత్తిన పెట్టుకొని, "యా అల్లా, వాడు ఉరుకుతుండు, వీడు ఉరుకుతుండు, నేనెందుకు ఉరుకుతున్న?" అంటూ వెనకాలే వచ్చాడు. టైము ఒంటిగంట దాటింది. అయిదు గంటల గడువు గుర్తొచ్చినప్పుడల్లా ఇంకాస్త జోరుగా ఉరికాను. నా ఉద్యోగం సంగతి అటుంచి, ముప్పై మంది పిల్లల ఏడాది ఆ పెట్టెలో ఉంది. అప్పటికి నా లెక్కలో ముప్పై మందే.

చివరికి మమ్మల్ని కాపాడింది గొర్రెల దాహం. ఎండిన వాగు ఇసకలో ఎవరో తవ్విన చెలిమె ఉంది, గుంటలో నీళ్లు ఊరి ఉన్నాయి. మంద అక్కడ ఆగిపోయింది. ఆయన ఎంత అదిలించినా ఒక్క గొర్రె కదల్లేదు. మేం రొప్పుతూ దగ్గరికి పోయేసరికి ఆయన కర్ర కింద పడేసి, రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు.

"తప్పయింది సారు, నీ బాంచెన్. రెండే కొమ్మలు కొట్టిన. మ్యాకలు ఈనినయ్, మేత సాలక కొట్టిన. ఈ ఒక్కపారికి ఇడిశిపెట్టున్రి."

నాకేమీ అర్థం కాలేదు. చాచాకు వెంటనే అర్థమైంది. ఆయన పెట్టె దించి, ఇసకలో చతికిలబడి, "అరె భాయ్, గీయన అడవి కాసే జంగ్లాతాయన కాదు. బడి పంతులు. మేము తప్పిపోయినం" అన్నాడు. ఆ మనిషి జోడించిన చేతులు అలాగే ఉంచి నన్ను చూశాడు. ఖాకీ చొక్కా, టోపీ, ఈల, నెత్తురు కారుతున్న పిక్కలు.

"తప్పిపోయిన్రా? ఈడనా?" అన్నాడు నమ్మలేక. "గీ బండెక్కి సూస్తే సిద్దిపేట నీళ్ల ట్యాంకు అవుపడతది గద సారు!"

ఎక్కి చూశాను. కనిపించింది. దూరంగా, తెల్లగా, బొమ్మలా. దిగివచ్చి, పరువు దక్కించుకుందామని పెట్టె మీద దిక్సూచి పెట్టి, "మరి ఇది అటు సూపెడుతుంది కదా" అన్నాను. ఆయన వంగి చూసి, పెట్టెను కాస్త పక్కకు జరిపాడు. ముల్లు కూడా దానితో పాటే జరిగింది. "గీ ముల్లు పెట్టె దిక్కు సూస్తుంది సారు" అన్నాడు మెల్లగా, నన్ను నొప్పించకుండా. నోట్సు చదవని మనిషి.

మోదుగాకు దొప్పలో నీళ్లు ముంచి ఇచ్చాడు. అంత తీయటి నీళ్లు మళ్లీ తాగలేదు. తాగుతుండగా, "ఏ ఊరి సారు?" అని అడిగాడు. చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది. "మా బిడ్డ గాడనే పది సదువుతది సారు. నేను ఇంటికి పోక పది దినాలాయె. ఎట్ల సదువుతుందో ఏమో" అన్నాడు. చాచా చేతిలోని దొప్ప అలాగే ఆగిపోయింది. పెట్టె తెరిచి, అడుగున ఉన్న ఫారం లాగి, పేరు చదివాడు. ఆ పిల్లే, ఆ తండ్రే.

"పది దినాలు ఇంటికి పోకుంట ఏం చేసినవయ్యా? బిడ్డ రెండుసార్లు వచ్చి పిలిసిందట!" అన్నాడు చాచా.

"ఎట్ల పోవాలె? పది దినాల సంది ఓ జంగ్లాతాయన పొద్దుమీకి గుట్ట కిందికి వచ్చి ఈల ఊదుతుండు. మూడుసార్లు, ఆగి మల్ల మూడుసార్లు. ఎవలినో పిలుస్తుండు, నన్ను పట్టుకునేటందుకే అనుకున్న. ఈల ఇనవడంగనే లోపటికి తోలుకపోతుంటి. మా బిడ్డ అప్పుడే పిలిసిందేమో, ఇనవడలే. సీతాఫలాలు తిని, మ్యాక పాలు తాగి పండుకున్న."

చాచా నా వైపు చూడలేదు, ఆకాశం వైపు చూశాడు. నాకు మాత్రం ముందు ఆ పిల్ల కనిపించింది, తల వంచుకొని పుస్తకం అట్ట గీరుతూ. మీ బాపుకు నీ మీద ఫికరు లేదా అని అడిగింది నేను. ఆ బాపును ఇంటికి రాకుండా చేసింది నేను. అంత సిగ్గు నా జన్మలో పడలేదు. ఒక మనిషి పది రోజులు పళ్లూ పాలతో గుట్ట మీద గుట్టుగా బతికితే, అతణ్ని అంత కష్టపెట్టిన నేను చెంచాడు నీళ్ల కోసం చీమతో పోటీపడ్డాను. మెడలోంచి ఈల తీసి చేతిలో పట్టుకొని, "ఊదింది నేనే. నేర్సుకునేటందుకు ఊదిన" అన్నాను.

ఆయన ఈలనూ నన్నూ చూశాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆయన నోటికి గొంగడి కొంగు అడ్డంపెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. తరువాత దాచుకోలేక, ఇసకలో కూర్చొని పగలబడి నవ్వాడు. "నేర్సుకునేటందుకా! నీ పాడుగాను, నేర్సుకునేటందుకా సారు!" ఆయన నవ్వుకు చాచా నవ్వాడు, చాచా నవ్వుకు నేను కూడా నవ్వాను. గొర్రెలు మాత్రం నీళ్లు తాగుతూనే ఉన్నాయి.

వేలిముద్రకు సిరా లేదు. నా బాల్‌పెన్నుతో ఆయన బొటనవేలి మీద ఎంత రుద్దినా నాలుగు గీతలు తప్ప రంగు పట్టలేదు. ముప్పై ఏళ్లు కర్ర పట్టిన వేలు అది. "ఆగున్రి" అని ఆయన గొంగడి మూట విప్పి ఎర్రటి జాజు గడ్డ తీశాడు. నలుగురి మందలు కలిసినప్పుడు ఎవరివి వాళ్లు గుర్తుపట్టడానికి గొర్రెల మెడ మీద వేసే రంగు. చెలిమె నీళ్లతో రాయి మీద అరగదీసి, బొటనవేలు అద్ది, ఫారం మీద ఎక్కడ పెట్టాలో చాచా చూపిస్తే, ఊపిరి బిగపట్టి ఒత్తాడు. ఎర్రగా, నిండుగా పడింది. దాని మీద ఊదుతూ అన్నాడు: "ఇగ ఏం ఫికర్ లేదు సారు. గుర్తు ఉన్నది తప్పిపోయినా, ఎవలో ఒకలు సూసి తోలుకొస్తరు."

మళ్లీ ఆయనకేం తోచిందో, నా వైపు తిరిగి, "మీకు గూడ ఒకటి పెడుదునా? మల్ల తప్పిపోతరు" అన్నాడు. నేను ఏదో అనేలోపే, గొర్రెకు పెట్టినట్టే నా ఖాకీ చొక్కా కాలరు మీద బొటనవేలు అద్దాడు. చాచా "బహుత్ అచ్ఛా" అన్నాడు.

మందను ముందు పెట్టుకొని ఆయనే మమ్మల్ని బండ్ల బాట దాకా తెచ్చాడు. అక్కడి నుంచి మేం ఉరుకుతూ నడుస్తూ పోయి, ఆఫీసు వాళ్లు కిటికీలు మూస్తుండగా చేరాం. అక్కడి ఆయన ఫారాలు ఒక్కొక్కటే తిప్పి, చివరిదాని దగ్గర ఆగి, "ఇదేంది, ఎర్రగున్నది?" అన్నాడు. "తండ్రి వేలిముద్రే సాబ్" అన్నాడు చాచా, "జర పచ్చిగున్నది, చెయ్యి పెట్టకున్రి." ఆయన ఇంకోసారి చూసి, ముప్పైఒకటి అని రాసి, ముద్ర కొట్టి రసీదు ఇచ్చాడు. ఆ తరువాత తాగిన చాయకు డబ్బులు నేనే ఇస్తానంటే చాచా వినలేదు.

మరునాడు తరగతిలో ఆ పిల్ల ముందు నిలబడి, "నిన్న మొన్న అన్నది తప్పయింది బిడ్డా. మీ బాపుది తప్పు లేదు, నాదే" అన్నాను. ఆ పిల్ల, "ఎరుకనే సారు. రాత్రి ఇంటికి వచ్చి అంతా చెప్పిండు" అని, పెదవులు బిగబట్టి, సంచిలోంచి ఆరు సీతాఫలాలు తీసి బల్ల మీద పెట్టి, నవ్వు ఆపుకోలేక బయటికి ఉరికింది. ఆ పిల్ల నవ్వగా నేను చూడడం అదే మొదలు. ఎండాకాలంలో ఫలితాలొస్తే మా బడిలో లెక్కల్లో అందరికన్నా ఎక్కువ మార్కులు తనవే. గుట్ట కింద ఈల సాధన ఆ రోజుతోనే మానేశాను.

ఆ చొక్కా ఇంకా మా ఇనప పెట్టెలో ఉంది. నాలో సగం మనిషికి కూడా ఇప్పుడది పట్టదు. ఎన్ని ఉతుకులు ఉతికినా కాలరు మీది చుక్క కాస్త వెలిసింది గానీ పోలేదు. "ఈ మరకదాన్ని ఎందుకు దాచుకున్నరు?" అని మా ఆవిడ ఏటేటా అడుగుతుంది, నేను ఏటేటా ఏదో ఒకటి చెబుతాను. మొన్నామధ్య ఒక పెళ్లికి పోతూ, ఫోను చెప్పిన దారిలోనే పోయి, ఒక కోళ్లఫారం వెనక గోడ దగ్గర ఆగిపోయాను. "మీరు చేరవలసిన చోటు వచ్చింది" అంటోంది ఫోను. పక్కన మేకలు కాస్తున్న ముసలాయన కనిపించాడు. ఫోను జేబులో పెట్టి, కారు దిగి, "అన్నా, గీ తొవ్వ యాడికి పోతది?" అని అడిగాను. "యాడికి పోదు. నా ఎంబడి రాండ్రి" అని ఆయన మేకలను మళ్లించి ముందు నడిచాడు. నేను మేకల వెనకాల బుద్ధిగా నడుస్తూ, ఎందుకో ఒకసారి కాలరు తడుముకున్నాను.